భార్యాభర్తలకి కలిపి ఒకే పాలసీ మంచిదా, విడివిడిగా రెండా?

సోంపేట టీచర్:
నాకు 36, గవర్నమెంటు హైస్కూల్లో ఉద్యోగం. మా ఆవిడకి 33, ఇంటి దగ్గరే మిషన్ కుడుతుంది. పోస్టాఫీసులో యుగళ్ సురక్ష తీసుకోమన్నారు. ఒకే ప్రీమియం, ఇద్దరికీ కవర్. అమెరికాలో ఉన్న మా బావేమో, అక్కడ ఇద్దరూ పోయాకే డబ్బు వచ్చే పాలసీలున్నాయి, ప్రీమియం బాగా తక్కువ, అలాంటిది చూడమంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాజాం పెద్దాయన:
మాస్టారూ, పేరుకి రెండూ జాయింటే గానీ దేని దారి దానిదే. యుగళ్ సురక్షలో ఎవరు ముందు పోయినా మిగిలినవారికి సమ్ అష్యూర్డ్ (పాలసీ రాయించుకున్న మొత్తం), అప్పటిదాకా పడిన బోనస్ వస్తాయి. అక్కడితో పాలసీ క్లోజ్. ఇద్దరూ బాగుంటే గడువు తీరాక అదే డబ్బు ఒక్కసారి ఇస్తారు. ఇద్దరిలో ఒకరికి పోస్టల్ ఇన్సూరెన్స్ అర్హత ఉంటే చాలు. వయసు 21 నుంచి 45, గడువు 5 నుంచి 20 ఏళ్లు.

మీ బావగారు చెప్పింది దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. మొదటి మనిషి పోతే పైసా రాదు. ఇద్దరూ తొందరగా పోవడం అరుదు గనక కంపెనీకి ధీమా, ప్రీమియం తక్కువ. 1981లో అక్కడ చట్టం మారి, భార్యకో భర్తకో వెళ్లే ఆస్తి మీద ఎస్టేట్ టాక్స్ (పోయినవారి ఆస్తి మీద వేసే పన్ను) లేకుండా పోయింది. అది రెండో మనిషి పోయాక పిల్లల నెత్తిన పడుతుంది. పన్ను కోసం పొలమో వ్యాపారమో అమ్ముకోకుండా ఈ పాలసీ పెట్టుకుంటారు. మన దేశంలో అలాంటి పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే ఎత్తేశారు. లేని పన్నుకి పాలసీ ఎందుకండీ?

బొబ్బిలి కోడలు:
పన్ను ఒక్కటేనా కారణం? మా అక్క కొడుక్కి 14 ఏళ్లు. నడవలేడు, అన్నం కలిపి నోట్లో పెట్టాలి. అక్కా బావా ఉన్నన్నాళ్లూ వాళ్లే చూసుకుంటారు. ఇద్దరూ పోయాక ఎవరు చూస్తారన్నదే వాళ్ల దిగులు. అలాంటి ఇంటికి రెండో మనిషి పోయాక వచ్చే డబ్బే కదా కావలసింది!

రాజాం పెద్దాయన:
అలాంటి ఇంటికైతే పనికొస్తుందమ్మా. ఆ పద్ధతి ఇక్కడ పెన్షన్ ప్లాన్లలో ఉంది. ఎల్‌ఐసీ జీవన్ అక్షయ్‌లో ఒక ఆప్షన్ చూడండి. ఇద్దరిలో ఎవరు మిగిలినా పెన్షన్ తగ్గదు, ఇద్దరూ పోయాక కట్టిన అసలు నామినీకి ఇస్తారు. కాకపోతే ముందే పెద్ద మొత్తం కట్టగలగాలి.

పలాస జీడి:
కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఉంటూ క్రియాటినిన్ టెస్టు మాట ఎత్తకుండా ఇన్సూరెన్స్ మాట్లాడుకోవడం ఏటండీ బాబూ! మొదటి మనిషి పోగానే డబ్బిచ్చే జాయింట్ పాలసీలో ఒకరి రిపోర్టు తేడాగా ఉంటే ఇద్దరికీ దెబ్బే. అమెరికా రకంలో ఒకరికి జబ్బున్నా పాలసీ దొరకడం తేలిక, రెండోవారు పోయేదాకా కంపెనీ ఇచ్చేది లేదు గనక. మా వీధిలో ఒకాయన డయాలసిస్ మీద ఉన్నాడు. ఆయనకి ఇప్పుడు ఎవరిస్తారు పాలసీ? ఆవిడకి నిక్షేపంగా వస్తుంది, విడిగా అడిగితే. ఇంకో మాట, ప్రపోజల్ ఫారంలో ఏదీ దాచకండి. మొదటి 3 ఏళ్లలో క్లెయిమ్ వస్తే పాత రిపోర్టులన్నీ తవ్వుతారు.

విజయనగరం కోట:
నా ఓటు విడివిడికే. ఇల్లు నడిచేది మాస్టారి జీతం మీద. ఆయనకి పెద్ద కవర్ కావాలి, ఆవిడకి చిన్నది చాలు. జాయింట్‌లో ఇద్దరికీ ఒకటే మొత్తం. 10 లక్షల జాయింట్ అనుకోండి. ఆయన పోతే ఆవిడ చేతికి 10 లక్షలు, బోనసూ వస్తాయి. ఆ మర్నాటి నుంచి ఆవిడ పేర ఏమీ ఉండదు. విడిగా ఆయనకి 50 లక్షల టర్మ్ (గడువులోపల పోతేనే డబ్బు వచ్చే పాలసీ), ఆవిడకి 10 లక్షలది తీసుకుంటే ఒకరిది క్లెయిమ్ అయినా రెండోది నడుస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ మీద అంతకుముందు 18 శాతం ఉండేది. అప్పులున్నవాళ్లు 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లలకే, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు.

బొబ్బిలి కోడలు:
"ఆవిడకి చిన్నది చాలు" అని ఎంత తేలిగ్గా అనేశారు! మిషన్ మీద వచ్చేది పక్కన పెట్టండి. పొద్దున్నే క్యారేజీలు, పిల్లల హోంవర్కు, పెద్దవాళ్ల మందులు, ఇవన్నీ రేపు డబ్బిచ్చి చేయించుకోవాలంటే మాస్టారి జీతంలో ఎంత మిగులుతుందో లెక్క వేశారా? పైగా ఆదాయానికి కాగితాలు లేని ఆడవాళ్లకి టర్మ్ ప్లాన్ అడిగి చూడండి. భర్త కవర్ ఎంత అని అడిగి, దానికి ముడిపెట్టి కోసేస్తారు. యుగళ్ సురక్షలో ఆ గొడవ లేదు, ఇద్దరి ప్రాణానికీ ఒకటే రేటు.

విజయనగరం కోట:
ఆ పాయింటు సరే. అయినా ఒకరు పోగానే పాలసీ మూతపడుతుందన్న నా ప్రశ్నకి జవాబు రాలేదు. కనీసం ఇద్దరూ ఎవరి బ్యాంకు ఖాతాలో వాళ్లు కేంద్రం వారి జీవన్ జ్యోతి బీమా అయినా కట్టుకోండి. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల కవర్, 50 ఏళ్ల లోపు చేరాలి.

సోంపేట టీచర్:
అందరికీ థ్యాంక్స్. ఒక్క డౌట్. మేమిద్దరం బండి మీద పలాస వెళ్తుంటాం. ఇద్దరికీ ఒకేసారి ఏమైనా అయితే?

రాజాం పెద్దాయన:
అందుకే జాయింట్‌లోనూ పిల్లల్ని నామినీలుగా రాయాలి. మైనర్లు గనక డబ్బు తీసుకోవడానికి అపాయింటీగా ఒక పెద్దవారి పేరు ఉండాలి. ఎవరు ముందు పోయారో తేలకపోతే, వయసులో చిన్నవారే తర్వాత పోయినట్టు 1956 హిందూ వారసత్వ చట్టం లెక్కగడుతుంది. మీ ఇంట్లో అది మీ ఆవిడ. ఆస్తి పంపకాల్లో ఆ లెక్కే తేడా తెస్తుంది.

సోంపేట టీచర్:
అపాయింటీ అనగానే మా ఆవిడ వాళ్ల అన్నయ్య పేరు చెప్పింది, మా అమ్మ మా తమ్ముడి పేరంటోంది. పోస్టాఫీసుకి వెళ్లడం వచ్చే వారానికి వాయిదా.