కాకినాడలో రెండు రోజులు: ఎక్కడ తినాలి, ఏ వేళకి తినాలి?

కూకట్‌పల్లి_నలుగురు అడిగారు:

ఆగస్టు మూడో వారంలో శనివారం పొద్దున్నే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ టౌన్‌లో దిగుతాం. ఆదివారం రాత్రి మళ్ళీ అదే బండి. నలుగురం. అమ్మకి డెబ్భై దాటాయి, షుగరుంది, శాకాహారం. ఉల్లి, వెల్లుల్లి తింటుంది గానీ చేపలు వండే హోటల్లో కూర్చోదు. మిగతా ముగ్గురం చేపల కోసమే వస్తున్నాం అనుకోండి.

టిఫిన్, భోజనం ఎక్కడైతే బాగుంటుంది? పులస దొరికే రోజులే కదా, ప్రయత్నించడం దండగా కాదా? కాజాలు హైదరాబాద్ దాకా పాడవకుండా తెచ్చుకోవాలంటే ఏవి కొనాలి? హోటళ్ళ పేర్లు పెద్ద చిట్టా అక్కర్లేదు, ఏం చూసుకుని ఎంచుకోవాలో చెప్పండి చాలు.

తూర్పుగాలి:

కాకినాడలో ఎక్కడ అనే దానికంటే ఎన్నింటికి అనేది ముఖ్యమండి. ఒకే హోటల్లో పొద్దున ఏడున్నరకి తిన్న పెసరట్టూ, పదిన్నరకి తిన్న పెసరట్టూ ఒకటి కావు. పెసరపిండి పులియబెట్టేది కాదు. నానబెట్టి రుబ్బిన కాసేపట్లో వాడెయ్యాలి. ఎండెక్కేకొద్దీ పిండి పులుపెక్కుతుంది, నీరు తేలుతుంది, అట్టు అంచు కరకరలాడకుండా సాగుతుంది. కాబట్టి బండి దిగి గదిలో సామాను పడేసి, స్నానాలయ్యాక తీరిగ్గా వెళ్దాం అనుకోకండి. ముందు టిఫిను.

భానుగుడి జంక్షన్ చుట్టుపక్కల, మెయిన్ రోడ్డు వైపు టిఫిన్ హోటళ్ళూ బండ్లూ చాలానే ఉంటాయి. కూర్చోబోయే ముందు పిండి గిన్నె చూడండి. పొట్టుతో రుబ్బిన పెసలైతే ఆకుపచ్చగా, కొంచెం బరకగా ఉంటుంది. లేత పసుపుగా నున్నగా ఉంటే పొట్టు తీసిన పప్పో, శనగపిండి కలిపిందో అయుంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర అట్టు మీద చల్లి అప్పుడే కాల్చేవాళ్ళ దగ్గర తినండి. ఉప్మా విడిగా అడిగి తీసుకోండి. అట్టులో పెట్టి మడిస్తే ఆవిరికి లోపలి వైపు రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. అల్లం పచ్చట్లో బెల్లం పడుతుంది, అమ్మగారికి కొబ్బరి చట్నీ మేలు.

మధ్యాహ్నం భోజనానికి సుబ్బయ్య గారి హోటల్. ఆటో ఎక్కి పేరు చెప్తే చాలు, చిరునామా అక్కర్లేదు. పూర్తి శాకాహారం, అరిటాకు భోజనం, అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదు. ఆ పేరుతో హైదరాబాద్‌లోనూ హోటళ్ళున్నాయి కాబట్టి వరస మీకు కొత్త కాకపోవచ్చు. అయినా ఇక్కడ తినాలి. పన్నెండు లోపు వెళ్తే కూర్చోబెట్టి నెమ్మదిగా వడ్డిస్తారు. ఒంటిగంటకి, అందులోనూ ఆదివారం వెళ్తే తినేవాళ్ళ కుర్చీ వెనకాల నిలబడి ఎదురుచూడాలి. డెబ్భై దాటినావిడకి అది కష్టం. అలా కుదరదనుకుంటే బుట్ట భోజనం కట్టించుకుని గదికి తెచ్చుకోవచ్చు. ఒక బుట్ట ఒక కుటుంబానికి సరిపోతుంది.

కొత్తవాళ్ళు తప్పు చేసేది మొదటి ఐదు నిమిషాల్లోనే. స్వీటూ పులిహోరా ముందు వడ్డిస్తారు, ఆకలి మీద వాటితోనే కడుపు నింపేస్తారు. అవి తలో ముద్ద తిని ఆగండి. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి దగ్గర మొదలుపెట్టండి. తర్వాత పొడి, కూరలు. పనసపొట్టు కూర వడ్డిస్తే మాత్రం మారు అడగండి. ఆవ పెట్టి చేసేది గోదావరి జిల్లాల పద్ధతి, ఊరు దాటితే అంత తేలిగ్గా దొరకదు. పెరుగన్నానికి చోటు ఉంచుకోండి.

ఇంకో సంగతి. మీరొచ్చేది శ్రావణమాసం. పెళ్ళిళ్ళ ముహూర్తాలుంటాయి, అన్నవరం వెళ్ళొచ్చేవాళ్ళుంటారు. శాకాహార హోటళ్ళు కిటకిటలాడతాయి, చేపల హోటళ్ళు కాస్త ఖాళీగా ఉంటాయి. మీకు సగం లాభమే.

జెట్టీ_దారి:

చేపల సంగతి నేను చెప్తాను.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. మీరొచ్చేసరికి పడవలు తిరుగుతూ రెండు నెలలవుతుంది కాబట్టి సముద్రపు చేప ఉంటుంది. ఒకటే చిక్కు. ఆగస్టులో బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే పోర్టులో హెచ్చరిక ఎగరేస్తారు, పడవలు బయటికి పోవు. బయల్దేరే ముందు రెండు రోజుల వాతావరణం చూడండి. పడవలు ఆగితే హోటల్లో చేప ఆగదు, ఐసు పెట్టెలోంచి వస్తుంది. అలాంటి రోజున సముద్రపు చేప మానేసి చెరువు చేప, రొయ్య, పీత తినడం తెలివైన పని.

చూడాలనుంటే ఆదివారం తెల్లవారుజామున కుంభాభిషేకం అని పిలిచే చోట ఉన్న చేపల రేవుకి వెళ్ళండి. వేలం గంపల లెక్కన సాగుతుంది, అక్కడ మీరు పాడలేరు. వేలంలో కొని పక్కనే కూర్చుని అమ్మే ఆడవాళ్ళ దగ్గర కిలో, రెండు కిలోలు తీసుకోవచ్చు. కోసి శుభ్రం చేయడానికి కూలి వేరే ఇవ్వాలి, కొనేముందే మాట్లాడుకోండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమరంగు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. మొప్పలకి రంగు పూస్తారేమోనని అనుమానమైతే తడిగుడ్డతో తుడిచి చూడండి. రొయ్య కొంటే తలా పొట్టూ పోగా కిలోకి సుమారు సగమే మిగులుతుందని లెక్కేసుకోండి. ఆ చేపని వండించుకునే దారి ముందు చూసుకోకుండా మాత్రం కొనకండి. లాడ్జి గదిలో అది మీకు ఎందుకూ పనికిరాదు.

హోటల్లో ఏం అడగాలి? కోనాం (వంజరం) వేపుడు అడిగితే నడుం ముక్కలు కావాలని చెప్పండి. కోనాం కండ తెల్లగా, మధ్యలో ఒకే ముల్లుతో ఉంటుంది. ముక్క విరిస్తే ముదురు ఎరుపు కండ కనిపించిందంటే అది వేరే చేప. చందువా పేరుతో చాలాచోట్ల చెరువులో పెంచిన రూప్‌చంద్ వడ్డిస్తారు. కారం దట్టించి వేపితే ముక్కల్లో తేడా తెలీదు. అందుకే చందువా ఎప్పుడూ నిండు చేపగా, వేపకముందు చూపించమని అడగాలి. రూప్‌చంద్‌కి పొట్ట కింద ఎర్రటి ఛాయ, నోట్లో పళ్ళు కనిపిస్తాయి. పండుగప్ప ఉంటే ఇగురు అడగండి, వేపుడు దండగ.

సొరపిట్టు తప్పకుండా తినండి. సొర ముక్కలు ఉడికించి, తోలు తీసి, పొడిగా చిదిమి ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లితో వేపుతారు. ముల్లు ఉండదు. అయితే సొర కండలో సహజంగానే యూరియా ఉంటుంది, చేప నిలవైతే అది అమోనియా అవుతుంది. పళ్ళెం దగ్గరికి రాగానే ముక్కుకి ఘాటు తగిలితే మసాలా అని సరిపెట్టుకోకండి, తిప్పి పంపండి.

మండపీతలు కోరంగి మడ అడవుల వైపునుంచి వస్తాయి. ఒకే సైజువి రెండు చేతుల్లో పట్టుకుని బరువున్నది తీసుకోవాలి. పొట్ట కింద పెంకు నొక్కితే లోపలికి పోతోందంటే కొత్తగా పెంకు మార్చిన పీత, లోపల నీళ్ళే. పీత ఇగురుకి అరగంటైనా పడుతుంది. పది నిమిషాల్లో బల్ల మీదకొస్తే పొద్దున వండిందని అర్థం.

చీరమేను అడగొద్దు. అది గోదావరి వరద తగ్గి తూర్పుగాలి తిరిగాక, అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆగస్టులో చీరమేను అని వడ్డిస్తే ఇంకేదో పిల్లచేప.

పులస: దొరికే కాలమే. సముద్రంలో ఇలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీది పైకెక్కితే పులస. గుడ్లు పెట్టడానికి ధవళేశ్వరం బ్యారేజీ దాకా వస్తుంది. నికరమైన పులస యానాం, కోనసీమ రేవుల్లోనే దొరుకుతుంది, కిలో వేలల్లో పలుకుతుంది, పడేది కొద్ది. హోటల్ బోర్డు మీద రోజూ పులస పులుసు అని రాసుందంటే ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చిన ఇలసే ఎక్కువ. ఏటి చేప ఒంటి మీద బంగారు ఛాయ ఉంటుంది, సముద్రానిది తెల్లటి వెండి మెరుపు. కూరయ్యాక ఆ తేడా కూడా కనపడదు. కావాలంటే ఒక రోజు ముందు చెప్పి, చేప చూశాకే వండించండి.

ఆవకాయ_టెంక:

పులస మీద నాది వేరే మాట. రెండు రోజుల ప్రయాణంలో దాని జోలికి పోకండి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఇవాళ తినేవాళ్ళకంటే అమ్మేవాళ్ళకే ఎక్కువ పనికొస్తోంది. అసలు చేపే దొరికినా ఆ పులుసు వండిన రోజు తినేది కాదు. మట్టి దాకలో సన్నసెగ మీద చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, చివర్న వెన్నో, ఆవకాయ నూనో కలిపి రాత్రంతా ఉంచితే పులుపు ముళ్ళలోకి దిగి అవి మెత్తబడతాయి. మర్నాటికే రుచి. శనివారం చెప్తే వాళ్ళు ఆదివారం వండి ఆదివారమే పెడతారు. మీరు వేలు పోసి ముళ్ళు ఏరుకుంటారు. ఆ డబ్బుతో కోనాం, పీత, సొరపిట్టు ముగ్గురూ కడుపునిండా తినొచ్చు.

జెట్టీ_దారి గారు చెప్పినదానికి ఒక చేర్పు. రొయ్యలు అడిగితే హోటళ్ళలో వచ్చేది ఎక్కువగా చెరువుల్లో పెంచిన వనామీ. అందులో తప్పేం లేదు, తాజాగా ఉంటే ఇగురు బాగానే ఉంటుంది. కానీ సముద్రపు రొయ్య ధర మాత్రం ఇవ్వకండి. గోంగూర రొయ్యలు అడగండి. చింతచిగురు కాలం దాటిపోయింది, ఆగస్టులో పెట్టేది నిలవ చిగురు.

గొట్టం_కాజా:

రెండు కాజాల్నీ కలిపేయకండి, ముందు అది తేల్చుకుందాం. కాకినాడ కాజా గొట్టం కాజా. పైన పెళుసుగా, లోపల బోలుగా, ఆ బోలు నిండా పాకంతో ఉంటుంది. తాపేశ్వరం కాజా మడత కాజా. మైదా పిండిని పల్చగా వత్తి, పొరలు పొరలుగా మడిచి, కోసి, వేపి పాకంలో ముంచుతారు. గొట్టం కాజా ఊళ్ళోనే తింటే మేలు, మడత కాజా ప్రయాణానికి ఓర్చుకుంటుంది.

గొట్టం కాజాకి పేరుపడ్డ కోటయ్య పేరు ఊళ్ళో ఒకటి కంటే ఎక్కువ బోర్డుల మీద కనిపిస్తుంది. బోర్డుతో పోట్లాడే బదులు ఒక్కటి కొని కొరికి చూడండి. పళ్ళకింద పైపొర చిట్లి పాకం బయటికి రావాలి. చొక్కా మీద పడుతుంది, ముందుకి వంగి తినండి. కొరికితే పిండి ముద్దలా తగిలినా, పాకం లోపలిదాకా చేరకపోయినా అక్కడ కిలోలు కట్టించకండి.

హైదరాబాద్‌కి తెచ్చుకోవాలంటే ఆదివారం సాయంత్రం కొనండి, శనివారం కాదు. వేడి మీద ఉన్నవాటిని డబ్బాలో మూయనివ్వకండి. లోపల ఆవిరి నీరై పైపొరని మెత్తబరుస్తుంది. పూర్తిగా చల్లారాక, లోపల కవరు వేసిన గట్టి డబ్బాలో, ఒకటి రెండు వరసలకి మించకుండా సర్దించండి. కింద వరస చిట్లితే పాకమంతా బ్యాగులోకి. ఇంటికెళ్ళాక ఫ్రిజ్‌లో పెట్టొద్దు, పాకం పంచదార కడుతుంది. బయటే ఉంచి నాలుగైదు రోజుల్లో తినెయ్యండి.

ఆత్రేయపురం పూతరేకులు కూడా కాకినాడ మిఠాయి దుకాణాల్లో దొరుకుతాయి. ఆగస్టు తేమకి బెల్లంవి త్వరగా చెమ్మగిలి రేకు తోలులా సాగుతుంది. పంచదారవి తీసుకుని గాలి చొరని డబ్బాలో పెట్టండి, చేతి సంచీలోనే తెచ్చుకోండి.

కూకట్‌పల్లి_నలుగురు:

అందరికీ ధన్యవాదాలండి. పులస వదిలేస్తున్నాం. ఇంకో రెండు. సాయంత్రం బీచ్ దగ్గర అమ్మకి ఏదైనా దొరుకుతుందా? తాగడానికి ఈ ఊరిదంటూ ఏముంది? మా బావగారు యానాం నుంచి సీసాలు తెద్దామంటున్నారు.

ఆవకాయ_టెంక:

బావగారిని ఆపండి. యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది, పన్నులు వేరు, ధర తక్కువ. అక్కడ కూర్చుని తాగినంతవరకు మీ ఇష్టం. సీసాతో ఆంధ్ర హద్దు దాటితే ఎక్సైజ్ కేసు, బండి కూడా పట్టుకుంటారు. కాకినాడలోనే కొనుక్కోండి. బీచ్‌లో మాత్రం తెరవొద్దు. తాటికల్లు కోసం కూడా తిరక్కండి, దాని కాలం వేసవితోనే పోయింది.

ఈ ప్రాంతానిదంటూ తాగాలంటే ఆర్టోస్. పక్కనే రామచంద్రాపురంలో 1919లో మొదలైన కూల్‌డ్రింకు, ఇప్పటికీ తయారవుతోంది. కిళ్ళీ కొట్లో పేరు పెట్టి అడగాలి, లేకపోతే ఏదో ఒకటి చేతికిస్తారు. బాగా చల్లగా ఉంటేనే తాగండి, చల్లదనం తగ్గితే తీపి ఎక్కువ తెలుస్తుంది. అమ్మగారికి అది వద్దు, కోనసీమ కొబ్బరిబొండాం కొట్టించండి. లేతది అడిగితే నీళ్ళు చప్పగా ఉంటాయి, కొంచెం మీగడ కట్టింది తియ్యన. షుగరు కాబట్టి లేతదే ఇప్పించండి.

తూర్పుగాలి:

బీచ్ దగ్గర అమ్మగారికి ముంత మసాలా బాగుంటుంది. మరమరాలు, వేరుశనగపప్పు, ఉల్లిపాయ, నిమ్మరసం. కలిపిన నిమిషంలో తినాలి, కాబట్టి ఒక్కొక్కటే కలపమనండి, నాలుగూ ఒకేసారి కలిపిస్తే చివరిది మెత్తబడుతుంది. బజ్జీలు తినాలంటే బాణలిలో నూనె చూడండి. నల్లగా ఉండి అంచుల్లో నురగ కడుతుంటే పక్క బండికి వెళ్ళండి. వేపుడు చేపలూ బజ్జీలూ ఒకే నూనెలో వేసే బండ్లు కూడా ఉంటాయి, అమ్మగారి కోసం అది ముందే అడగండి.

జున్ను అమ్ముతూ ఎవరైనా కనిపిస్తే కొనొచ్చు గానీ బెల్లం పడుతుంది, ఆవిడకి ఒక చెంచా చాలు. అసలు జున్ను కోస్తే లోపల చిన్న చిన్న రంధ్రాలుంటాయి, మిరియాల వాసన వస్తుంది. అద్దంలా నున్నగా, జెల్లీలా ఊగుతుంటే అసలు జున్ను కాకపోవచ్చు.

ఆదివారం రాత్రి బండిలో తినడానికి అమ్మగారికి పెరుగన్నం మధ్యాహ్నమే కట్టించకండి, ఉక్కకి పులుస్తుంది. స్టేషన్‌కి బయల్దేరే ముందు ఇడ్లీ, కారప్పొడి తీసుకోండి. చట్నీ వద్దనండి, కొబ్బరిది రాత్రి దాకా నిలవదు.