స్కాట్లాండ్ విడిపోవాలా, కలిసి ఉండాలా? మా అమ్మాయికి ఏం చెప్పను?

ప్రశ్న (అబర్డీన్ నుంచి)

మేం 2012లో మా ఆయన ఆయిల్ ఉద్యోగం మీద స్కాట్లాండ్‌లోని ఈ ఊరికి వచ్చాం. నాది ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే. కామన్‌వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి ఇక్కడ మనకు ఓటు ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు.

2014 సెప్టెంబరు 18న ఐదేళ్ళ పాప చెయ్యి పట్టుకుని పక్క వీధిలో స్కూలు హాలుకు వెళ్ళాను. వేలికి సిరా లేదు. జాబితాలో పేరు చూసి కాగితం ఇచ్చారు, బూత్‌లో దారానికి కట్టిన పెన్సిల్ ఉంది. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా అని ఒక్కటే ప్రశ్న, కింద రెండు గడులు. నేను 'వద్దు' గడిలో గుర్తు పెట్టాను. అంతకు ముందు ఏడాదే ఇల్లు కొన్నాం, ముప్పై ఏళ్ళ లోన్. రేపు జీతం ఏ డబ్బులో ఇస్తారో తెలియదన్న భయంతో వేశాను. దానితోపాటు ఇంకో మాట కూడా పనిచేసింది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలంటే బ్రిటన్‌తో ఉండండి, విడిపోతే ఆ సభ్యత్వం చేజారుతుంది అని 'వద్దు' పక్షం వాళ్ళు ప్రతి మీటింగులో చెప్పారు. నమ్మాను. 55.3 శాతంతో మేమే గెలిచాం.

రెండేళ్ళు తిరగకుండా 2016 జూన్ 23న బ్రెగ్జిట్ ఓటు, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అన్న ఓటు వచ్చింది. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది యూనియన్‌లోనే ఉంటామన్నారు. 32 కౌన్సిల్ ప్రాంతాల్లో ఒక్కటి కూడా బయటికి పోదామనలేదు. అయినా మొత్తం బ్రిటన్ లెక్కలో 51.9 శాతం బయటికే వేశారు, అందరం బయటికి వచ్చేశాం. నాకు చెప్పిన మాట రెండేళ్ళు కూడా నిలవలేదు.

ఇప్పుడు పాపకు పదహారు నిండాయి. స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో తనకూ ఓటు ఉంది. స్కూల్లో మోడరన్ స్టడీస్ క్లాసులో ఇదే చర్చ. మొన్న అన్నం తింటూ "అమ్మా, నువ్వు దేనికి వేశావ్? మళ్ళీ పెడితే దేనికి వేస్తావ్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లండన్‌లోని బ్రిటన్ ప్రభుత్వం అనుమతి లేకుండా ఎడిన్‌బరోలోని స్కాటిష్ పార్లమెంటు మళ్ళీ ఓటు పెట్టలేదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఇది రేపో ఎల్లుండో జరిగేది కాదు. కానీ పిల్ల అడిగింది కదా. ఆ రెండుసార్లూ ఓటు వేసినవాళ్ళు ఎవరైనా ఉంటే మనసులో మాట చెప్పండి. పార్టీల గొడవ వద్దు.

జవాబు 1 (నేనూ అబర్డీనే, పదిహేనేళ్ళుగా)

అక్కా, నాది మీ కథకు తిరగేసిన కథ. 2014లో నేను 'కావాలి' అని వేశాను. ఇప్పుడు పెడితే 'వద్దు' అని వేస్తాను.

ఆ వేసవిలో బ్రెంట్ రకం ముడి చమురు బ్యారెల్ వంద డాలర్ల పైన ఉండేది. క్యాంటీన్ బల్ల దగ్గర మా లెక్కలన్నీ ఆ వంద మీదే. నార్త్ సీ ఆయిల్ మనదైతే నార్వేలాగా బతకొచ్చు అనుకునేవాళ్ళం. 2015 జనవరికి యాభై కిందికి దిగింది. ఆ ఏడాదే నా ఉద్యోగం పోయింది. సోమవారం పొద్దున మీటింగ్ అన్నారు, మధ్యాహ్నానికి నా మగ్గు, హెల్మెట్, మా బాబు ఫొటో ఒక అట్టపెట్టెలో పెట్టుకుని కార్ పార్కింగ్‌లో నిలబడ్డాను. మా వీధిలో ఇళ్ళ ముందు అమ్మకానికి బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. 'కావాలి' గెలిచి ఉంటే కొత్త దేశం పుట్టాల్సిన రోజు 2016 మార్చి 24 అని స్కాటిష్ ప్రభుత్వం శ్వేతపత్రంలోనే రాసుకుంది. ఆ ఏడాది జనవరిలో బ్యారెల్ ముప్పై కిందికి పోయింది. ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

మీ భయం తప్పేం కాదు. డబ్బు సంగతి ఆ రోజు ఎవరూ తేల్చలేదు. విడిపోతే పౌండ్‌ను పంచుకోవడం కుదరదని 2014 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ చెప్పారు. అది బెదిరింపే, చివరికి ఒప్పుకుంటారు అని మా 'కావాలి' పక్షం వాళ్ళు అన్నారు. ఇక్కడ మూడు బ్యాంకులు సొంతంగా నోట్లు అచ్చు వేస్తాయి, మీకు తెలిసిందే. ఒకసారి లండన్‌లో అలాంటి పది పౌండ్ల నోటు ఇస్తే షాపతను రెండుసార్లు తిప్పి, వెలుతురుకు పట్టి చూశాడు. అయినా తీసుకున్నాడు, ఎందుకంటే బొమ్మ ఏదైనా దాని వెనక ఉన్నది ఒకే పౌండ్. విడిపోయాక దాని వెనక ఎవరుంటారో చెప్పనిదే నా ఓటు మారదు.

రెండోది సరిహద్దు. బ్రెగ్జిట్ అయ్యాక 2021 జనవరిలో ఏం జరిగిందో మనం దగ్గర నుంచి చూశాం. పీటర్‌హెడ్ వైపు చేపల వ్యాపారం చేసే నా స్నేహితుడు ఒకడున్నాడు. అంతకుముందు ఈ రాత్రి బండి ఎక్కించిన సరుకు ఎల్లుండికి ఫ్రాన్స్ మార్కెట్లో ఉండేది. ఆ నెలలో వెటర్నరీ డాక్టరు సంతకంతో హెల్త్ సర్టిఫికెట్, కస్టమ్స్ కాగితాలు, ఒక్క తప్పు పడితే బండి అక్కడే ఆగడం. రొయ్యలు పాడైపోతుంటే ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. కొందరు ఎగుమతిదారులు లారీలు వేసుకుని లండన్ వెళ్ళి ధర్నా చేశారు. అది సముద్రం దాటి వెళ్ళే సరుకు. స్కాట్లాండ్ మొత్తం యూరప్‌కు అమ్మేదానికంటే ఇంగ్లాండ్‌తో సహా మిగతా బ్రిటన్‌కు అమ్మేది చాలా ఎక్కువ. స్కాట్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉండి ఇంగ్లాండ్ బయట ఉంటే ఆ కాగితాలన్నీ ఇంగ్లాండ్ సరిహద్దులో గ్రెట్నా దగ్గర, బెరిక్ దగ్గర అడుగుతారు. ఐర్లాండ్‌తో నడుస్తున్నట్టు మనుషుల రాకపోకలకు ఇబ్బంది ఉండకపోవచ్చు, సరుకుకు మాత్రం తప్పదు. యూరప్ కోసం విడిపోదాం అనేవాళ్ళు ఈ ఒక్కదానికి సూటిగా జవాబు చెప్పాలి.

తాము వద్దన్నా బ్రెగ్జిట్ వచ్చిపడిందన్న ఇక్కడివాళ్ళ బాధ న్యాయమైనదే. ఆ విషయంలో నేను మారలేదు.

జవాబు 2 (గ్లాస్గోలో నర్సును)

అన్నయ్యా, మీ రొయ్యల లారీ సంగతి ఒప్పుకుంటాను. నా మనసులో ఉన్నది వేరే. మా వార్డులో పోలండ్ నుంచి వచ్చిన అమ్మాయి నాకంటే ఎనిమిదేళ్ళ ముందు చేరింది. 2014లో ఇద్దరం నైట్ డ్యూటీ దిగి, యూనిఫారం మీద కోటు వేసుకుని కలిసే ఓటు వేశాం. యూరప్ పౌరులకు ఆ రోజు ఓటు ఇచ్చారు. 2016లో అదే స్కూలు, అదే గేటు. తను బయట నిలబడింది, ఇండియా పాస్‌పోర్టుతో నేను లోపలికి వెళ్ళాను. తన బతుకు తేల్చే ఓటు నా చేతిలో ఉంది, తన చేతిలో లేదు. తర్వాత ఇక్కడ ఉండడానికి ఫోన్‌లో పాస్‌పోర్టు స్కాన్ చేసి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది, అదీ మా డ్యూటీ రూమ్‌లోనే.

ఎవరు మన మనిషి అన్నది ఎడిన్‌బరో ఒకలాగా చూసింది, లండన్ ఇంకోలాగా చూసింది. నేను 2014లో 'కావాలి' అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. జీతం తగ్గినా సరే. బ్రెగ్జిట్ తర్వాత వీసా రూల్స్ మారి మన పిల్లలు చాలామంది రాగలిగారు, మా తమ్ముడు కూడా అలాగే వచ్చాడు. అయినా తనను బయట నిలబెట్టి నాకు తలుపు తీయడం నాకు నచ్చలేదు.

జవాబు 3 (భద్రాచలం)

నేను ఆ దేశం చూడలేదు. మాది రాష్ట్రం, వాళ్ళది దేశం, రెండూ ఒకటి కావు. మాకు రెఫరెండం లేదు, పార్లమెంటు చట్టం చేసింది. కానీ వాళ్ళు ఓటు వేసిన 2014లోనే, జూన్ 2న తెలంగాణ వచ్చింది కాబట్టి ఒక మాట చెప్తాను.

మా ఊళ్ళో రాములవారి గుడి తెలంగాణలో ఉంది. గుడి మాన్యం భూములు చాలావరకు పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రాలో ఉన్నాయి. ఊరు దాటి ఎటపాక వైపు కాస్త నడిస్తే వేరే రాష్ట్రం. హైదరాబాద్ పదేళ్ళు ఉమ్మడి రాజధాని అన్నారు, ఆ గడువు 2024 జూన్‌లో అయిపోయింది. ఆ నాటికి కూడా విభజన చట్టం తొమ్మిదో షెడ్యూలు, పదో షెడ్యూలులో రాసిన ఉమ్మడి ప్రభుత్వ సంస్థల పంపకం పూర్తిగా తేలలేదు. మా నాన్న పనిచేసిన సంస్థ కూడా అందులో ఒకటి, పేరు చెప్పను. ఎవరు ఎటు అనేది తేలక రిటైరయ్యేదాకా ప్రమోషన్ ఫైలు బల్ల మీదే ఉంది. కృష్ణా నీళ్ళ వాటా మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

పైన కేంద్రం ఉండి, ఒకే సుప్రీంకోర్టు ఉండి, ఒకే రూపాయి ఉండి ఇంత పట్టింది. 1707 నుంచి కలిసి ఉన్న రెండు దేశాలు విడిపోతే పైన పెద్దమనిషి ఎవరు? అప్పులు, సైన్యం, పింఛన్లు ఎవరు పంచుతారు?

ఇన్ని చెప్పినా, తెలంగాణ వద్దు అని మా నాన్న ఒక్కరోజు అనలేదు. మీ పాపకు అది కూడా చెప్పండి అక్కా.

ప్రశ్న అడిగినామె

అందరికీ దండాలు. నిన్న రాత్రి దోసెలు పోస్తూ మూడు జవాబులూ చదివి వినిపించాను. 2014లో భయపడి వేశానని కూడా చెప్పేశాను. ఆ రోజు బూత్‌లో దారం పెన్సిల్ పట్టుకు లాగింది తనేనట, అది మాత్రం గుర్తుందంది.

భద్రాచలం గుడి సంగతి పుస్తకంలో రాసుకుంది, గ్లాస్గో అక్క మాటకు చాలాసేపు మాట్లాడలేదు. అబర్డీన్ తమ్ముడికి మాత్రం తనది ఒక ప్రశ్న ఉంది, నాకూ జవాబు తెలియదు, తన మాటల్లోనే రాస్తున్నా: "ఇంగ్లాండ్ కూడా మళ్ళీ యూరోపియన్ యూనియన్‌లో చేరితే గ్రెట్నా దగ్గర కాగితాలు ఉండవు కదా, అప్పుడు అంకుల్ దేనికి వేస్తారు?"