శరణార్థుల లీగల్ ఎయిడ్ ఇంటర్న్‌షిప్‌కి రైటింగ్ శాంపిల్ ఎలా ఉండాలి?

హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌ఎం రెండో సెమిస్టర్ చదువుతున్నాను. మే 18 నుంచి ఆరు వారాలు శరణార్థులకు న్యాయసహాయం చేసే సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలని నవంబర్ నుంచి ప్రయత్నిస్తున్నాను. ఢిల్లీకి ఐదు, చెన్నైకి రెండు అప్లికేషన్లు పెట్టాను. ఐదింటికి అసలు జవాబే లేదు. ఒకరు క్లయింట్ ఇంటర్వ్యూల అనుభవం లేదని వద్దన్నారు. ఇంకొకరికి, చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీద, జీవించే హక్కు గురించిన ఆర్టికల్ 21 మీద రాసిన సెమినార్ పేపర్‌ని రైటింగ్ శాంపిల్‌గా పంపితే, 'ఇది అకడమిక్‌గా ఉంది, శరణార్థి హోదా కోరే ఒక వ్యక్తి క్లెయిమ్ మీద నోట్ పంపండి' అన్నారు. గడువు ఈ శుక్రవారం సాయంత్రం 5 గంటలు, నాలుగు పేజీలు మించకూడదు.

మన దేశం 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. కాబట్టి ఇలాంటి నోట్, ఒక వ్యక్తి శరణార్థా కాదా అని యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) తేల్చే హోదా నిర్ధారణ పద్ధతిలోనే ఉండాలనుకుంటున్నాను. మా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ సార్‌ని అడిగితే 'నీ ఇష్టం' అన్నారు, అంతే!

బాలాపూర్‌లో రోహింగ్యా పిల్లల స్కూల్ ఫారాలు నింపడానికి నాలుగు శనివారాలు వెళ్లాను. అక్కడ ఒకావిడ అంచులు ఊడిన యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు చూపిస్తూ తన కథంతా చెప్పింది. దాని మీద రాస్తే నోట్ బాగా వస్తుంది, కానీ ఆమె అనుమతి తీసుకోలేదు.

ఈ రంగంలో పనిచేసినవాళ్లు చెప్పండి: పేరు, ఊరు మార్చి ఆమె కథనే రాయొచ్చా, లేక పూర్తిగా కల్పిత క్లయింట్‌తో రాయాలా?