సెల్మా వంతెనకు ఆ పేరు ఇంకా ఎందుకు?

అట్లాంటా_నాన్న:
మొన్న శనివారం పిల్లల్ని తీసుకుని అలబామాలోని సెల్మా వెళ్లాం. ఇక్కడి నుంచి కారులో మూడు గంటలకు పైనే. 2020 లెక్కల ప్రకారం పద్దెనిమిది వేల జనాభా కూడా లేని చిన్న ఊరు. చూడాలనుకున్నది అలబామా నది మీది వంతెన. 1965 మార్చి 7న ఓటు హక్కు అడగడానికి రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీ వైపు నడిచిన సుమారు 600 మంది నల్లజాతివాళ్లను, ఆ వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో కొట్టి, బాష్పవాయువు వదిలి తరిమారు. ముందుండి నడిపించిన జాన్ లూయిస్‌కు అప్పుడు పాతికేళ్లు, తల పగిలింది. అదే ఏడాది ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది.

వంతెన కమాను మీద పెద్ద అక్షరాలతో 'ఎడ్మండ్ పెటస్ బ్రిడ్జ్' అని ఉంటుంది. మా పదేళ్ల పాప అది చదివి, "దెబ్బలు తిన్నాయన పేరా నాన్నా ఇది?" అంది. కాదు. పెటస్ అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ సైన్యంలో జనరల్. తర్వాత సెనేటర్ అయ్యాడు. నల్లజాతివాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ అనే ముఠాకు అలబామాలో పెద్దల్లో ఒకడని చెబుతారు. ఆ సంగతి చెబితే పాప, "మరి తీసెయ్యలేదేం?" అంది. నాకు జవాబు దొరకలేదు. ఆ పేరు మార్చాలనే నా అభిప్రాయం. మీరేమంటారు?

చరిత్ర_మాస్టారు:
నాన్న గారూ, పాప అడిగింది న్యాయమే. కానీ దెబ్బలు తిన్న లూయిస్ గారే ఆ పేరు ఉంచమన్నారు. 2015లో పార్లమెంటు సభ్యుడిగా ఉంటూ, సెల్మాలో పెరిగిన మరో సభ్యురాలు టెర్రీ స్యూయెల్‌తో కలిసి వ్యాసం రాశారు. పేరు ఉంచడం ఆ మనిషిని మెచ్చుకోవడం కాదని, ఇప్పుడు ఆ పేరు వింటే జనానికి గుర్తొచ్చేది ఓటు హక్కు ఉద్యమమేనని అందులో వాదించారు. 2020 జులైలో ఆయన పోయాక భౌతికకాయాన్ని గుర్రపు బండి మీద అదే వంతెన దాటించారు, దారి పొడవునా గులాబీ రేకులు చల్లారు. పైన ఉన్నది పెటస్ పేరు, కింద సాగనంపింది లూయిస్‌ను. ఆ పేరు తుడిచేస్తే, వాళ్లు ఎవరి నీడలోంచి నడిచి గెలిచారో రేపటి పిల్లలకు ఎలా తెలుస్తుంది?

బ్రాడీపేట_వాసి:
మా గుంటూరులో జిన్నా టవర్ గురించి ఇలాంటి గొడవే నడిచింది. 2022లో దానికి మూడు రంగులు వేశారు, పేరు అలాగే ఉంది. అందుకే నాకు పేరు మార్చాలన్నా భయమే, ఉంచాలన్నా భయమే. ఊళ్లో ఉండేవాళ్లు తేల్చుకోవాలి, దూరం నుంచి వచ్చి ఫొటో తీసుకుని వెళ్లే మనం కాదు. కానీ సెల్మా వాళ్లకు ఆ అవకాశం కూడా సరిగ్గా లేదు. 40 ఏళ్లు దాటిన స్మారకాల పేర్లు మార్చకుండా అలబామా 2017లో చట్టం చేసింది.

ఇంజినీరమ్మ:
పేరు సంగతి ఏదో ఒకటి తేలుతుంది కానీ కట్టడాల సంగతేంటండీ? ఆ నడక మొదలైంది బ్రౌన్ ఛాపెల్ దగ్గర. 1908 నాటి ఇటుక చర్చి, ముందు రెండు గోపురాలు. చెదలు, తేమ తినేయడంతో 2022లో దేశంలో ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. 2023 జనవరి 12న ఊరి మీద టోర్నడో పడింది, ఎన్ని ఇళ్ల పైకప్పులు లేచిపోయాయో. పేరు మీద పడే ఆవేశంలో పావు వంతు ఆ గోడల మీద పెట్టినా చాలు. పేరును ఎప్పుడైనా మళ్లీ రాసుకోవచ్చు, కూలిన గోడను తెచ్చుకోలేం.

అట్లాంటా_నాన్న:
ఇంజినీరమ్మ గారూ, చర్చి గురించి మీరన్నది నిజం. మేమూ బయట నిలబడి చూసి వచ్చాం. మరమ్మతుకు విరాళం ఎలా పంపాలో కనుక్కుని ఇక్కడే పెడతాను.

మాస్టారూ, లూయిస్ గారి మాటకు ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. అయినా ఒక్క విషయం. పెటస్ చనిపోయింది 1907లో, వంతెన తెరిచింది 1940లో. ముప్పై మూడేళ్ల తర్వాత వెతికి మరీ ఆ పేరు పెట్టారు. అప్పుడు ఆ జిల్లాలో ఓటున్న నల్లజాతివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఆ పేరు వాళ్లను అడిగి పెట్టింది కాదు, వాళ్లకు వినిపించాలని పెట్టింది. తర్వాత వాళ్లు రక్తం ధారపోసి దాని అర్థం మార్చారు, ఒప్పుకుంటాను. కానీ ఆ కష్టం పేరు పెట్టినవాళ్ల ఖాతాలో పడకూడదు కదా.

2022లో ఒక మధ్యేమార్గం వచ్చింది. కమాను మీది అక్షరాలు కదపకుండా, అధికారికంగా పెటస్ పేరు పక్కన 'ఫుట్ సోల్జర్స్', అంటే ఆ రోజు నడిచినవాళ్ల పేరు చేర్చాలన్నారు. రాష్ట్ర సెనేట్ ఒప్పుకుంది కానీ అది చట్టం కాలేదు. నాకైతే కనీసం అదైనా కావాలి.

ఏటా మార్చి మొదట్లో ఆ వంతెన మీద మళ్లీ నడుస్తారు. ఈసారి పాపను తీసుకెళ్తాను. 1965లో నడిచిన పెద్దవాళ్లు కొందరు ఇంకా వస్తారట. పేరు సంగతి తనే వాళ్లను అడుగుతానంటోంది. మాస్టారూ, మీరూ రండి, మా కారులో చోటుంది.