4294967297 ప్రధాన సంఖ్య కాదని తేల్చడానికి 2తో ఫెర్మా పరీక్ష చాలదా?

శేషం_సున్నా:
2^32+1, అంటే 4294967297, సంయుక్త సంఖ్య. దీనికి కారణాంకాలు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదని నా వాదన. 2^4294967296ని ఈ సంఖ్యతో భాగించి శేషం చూడండి. ప్రధాన సంఖ్యయితే 1 రావాలి. 64 బిట్ల ప్రోగ్రాంలో 0 వస్తోంది. పరీక్ష పట్టేసినట్టే కదా?

బిట్లబాబు:
జవాబు ఒప్పు, దారి తప్పు. 0 చూడగానే అనుమానం రావాలి: 2 ఘాతాన్ని 1 కంటే పెద్దదైన ఏ బేసి సంఖ్యా నిశ్శేషంగా భాగించదు. వరసగా వర్గాలు చేసుకుంటూ వెళ్లండి: 2, 4, 16, 256, 65536, 4294967296. ఇంకోసారి చేస్తే 2^64. ప్లస్-మైనస్ గుర్తు లేని (అన్‌సైన్డ్) 64 బిట్లలో పట్టేది 2^64−1 వరకే. సరిగ్గా ఒక్కటి ఎక్కువై, ఓవర్‌ఫ్లోలో అంతా కొట్టుకుపోయి 0 మిగిలింది. నిజానికి 4294967297తో భాగించే శేషాల లెక్కలో 4294967296 అంటే −1 (ఒక్కటి తక్కువ కాబట్టి), దాని వర్గం 1. ఆపైన ఎన్ని వర్గాలు చేసినా 1 కదలదు. అంటే ఈ సంఖ్య మీ పరీక్షలో పాసయింది!

శేషం_సున్నా:
ఓవర్‌ఫ్లో ఒప్పుకున్నా. అయితే 2తోనే మిల్లర్-రాబిన్ అనే ప్రధాన సంఖ్యల పరీక్ష పెడదాం, అది ఇంకా గట్టిది.

గుణకం:
2తో అదీ మోసపోతుందండీ. వర్గాల దారిలో −1 తగిలితే మిల్లర్-రాబిన్ ఆ సంఖ్యను పాస్ చేసేస్తుంది, ఇక్కడ ఐదో వర్గంలోనే తగులుతోంది. ఇలాంటి 2^(2^n)+1 రూపంలోని ఫెర్మా సంఖ్యలన్నిటికీ 2తో ఇదే తంతు. 3కి మారండి. ఫెర్మా సంఖ్యలకే ఉన్న పెపిన్ పరీక్షలో, ఈ సంఖ్యకైతే 3తో మొదలుపెట్టి 31 సార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ శేషం ఉంచుకోవాలి. చివరికి 4294967296 వస్తేనే ప్రధాన సంఖ్య. వచ్చేది 10324303. గుణకారాలకు మాత్రం 128 బిట్లు వాడండి, లేకపోతే మళ్లీ మొదటికే.

లెక్కలపిచ్చి:
ఇంత హంగామా ఎందుకు? దీనికి 641 కారణాంకమని ఆయిలర్ 1732లోనే చూపించాడు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 128తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యల్లో మొదటిది 257, రెండోది 641.

భాగహారం కూడా అక్కర్లేదు. 641 = 5×2^7+1, కాబట్టి 641తో భాగించే శేషాల లెక్కలో 5×2^7 అంటే −1. నాలుగో ఘాతం తీస్తే 5^4×2^28 = 1. కానీ 641 = 5^4+2^4 కూడా, అంటే 5^4 బదులు −2^4 రాయొచ్చు. −2^32 = 1 అని తేలింది, అంటే 2^32+1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది, అయిపోయింది.

భాగఫలం 6700417 ప్రధానమే. వర్గమూలం 2588 చిల్లర, కాబట్టి 257, 641, 769, 1153, 1409 చూస్తే చాలు. ఏదీ భాగించదు.

బిట్లబాబు:
ఈ సంఖ్యకు కలిసొచ్చింది. 2^(2^20)+1 సంగతేంటి? 315653 అంకెలు. సంయుక్తమని పెపిన్ పరీక్ష తేల్చింది, కారణాంకం ఒక్కటీ దొరకలేదు.

లెక్కలపిచ్చి:
అక్కడ మీదే పైచేయి. పది అంకెల సంఖ్యకు మాత్రం 31 వర్గాల కంటే రెండు భాగహారాలే చవక.