34వ వారం, బీపీ, వారానికి రెండు ఎన్ఎస్టీలు: లంక నుంచి ఎలా తిరగాలి?

లంకపిల్ల
అందరికీ నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్య లంక. 34వ వారం నడుస్తోంది. మొదటిది ఆపరేషన్, ఇది రెండో కాన్పు. బీపీ 150/100 దాకా వెళ్లొస్తోంది, లాబెటలాల్ అని బీపీ మాత్ర వేసుకుంటున్నాను. డాక్టరమ్మ వారానికి రెండుసార్లు ఎన్ఎస్టీకి, అంటే బిడ్డ గుండె వేగం చూసే పరీక్షకు రమ్మన్నారు, మధ్యలో బిడ్డకు రక్తం సరిగా అందుతోందా అని చూసే డాప్లర్ స్కాన్ కూడా. అమలాపురం వెళ్లొస్తే ఆ రోజంతా పోతోంది. ఎగువన వానలంటున్నారు, కాజ్‌వే మునిగితే ఇక పడవే దిక్కు. ఇలా తిరిగినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? ఒక్కసారి మానేస్తే ఏమైనా అవుతుందా? మా పెద్దాడికి నాలుగేళ్లు, వాణ్ణి ఎవరి దగ్గర ఉంచాలో కూడా తెలియడం లేదు.

అంబాజీపేట కోడలు
మానకు చెల్లీ. నేను మానాను కాబట్టి చెబుతున్నాను. 36వ వారంలో మా ఆడపడుచు పెళ్లి పనులని ఒక్క శుక్రవారం వెళ్లలేదు. ఆదివారానికి తలపోటు, కళ్ల ముందు మెరుపులు, పైపొట్టలో నొప్పి. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు తాగి పడుకున్నాను. పక్కింటి ఆశా వదిన వచ్చి బీపీ చూస్తే 180. రాత్రికి రాత్రి కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించి ఆపరేషన్ చేశారు. బాబు కిలో తొమ్మిది వందలు, పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఇప్పుడు రెండో తరగతి. అయినా శుక్రవారం వస్తే నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

కొబ్బరితోట
మా ఇంటావిడకు కవలలు, 2022 జులై వరదప్పుడు ఎనిమిదో నెల. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక కూడా దాటిన వరద అది. మా వీధిలో నడుము లోతు నీళ్లు. మేము మాత్రం మొదటి హెచ్చరికకే రావులపాలెం బావమరిది ఇంటికి చేర్చేశాం. మా నాన్న "ఇంకా నీళ్లు రాలేదుగా, కంగారెందుకు" అని కోప్పడ్డాడు, నేను వినలేదు. అమ్మా, లెక్క గుర్తుపెట్టుకోండి. ధవళేశ్వరంలో 11.75 అడుగులు మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. భద్రాచలంలో పెరుగుతోందని టీవీలో చెబితే మనకు సుమారు ఒక రోజు టైము ఉన్నట్టు. ఆ రోజులోనే కదలాలి. నిండు గర్భిణిని రాత్రిపూట పడవెక్కించే పరిస్థితి తెచ్చుకోకండి.

పాలకొల్లు అమ్మమ్మ
ఈ తిరుగుడంతా ఎందుకు తల్లీ? ఎలాగూ ఆపరేషనే కదా. 37 రాగానే మంచి ముహూర్తం పెట్టించుకో. మూల, జ్యేష్ఠ తప్పించి సిద్ధాంతి గారు రెండు టైములు రాసిస్తారు, డాక్టరుకు ఇస్తే సరి. మా అమ్మాయికి అలాగే చేయించాం. మనవరాలు బంగారంలా ఉంది.

యానాం దారి
అమ్మమ్మ గారూ, దయచేసి ఇలాంటి సలహా ఇవ్వకండి. మా అత్తగారూ ఇలాగే పట్టుబట్టి 36 వారాల నాలుగు రోజులకు ముహూర్తం పెట్టించారు. నాకు బీపీ లేదు, షుగర్ లేదు, తొందరపడాల్సిన కారణమే లేదు. పాపకు ఊపిరి అందక ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. నక్షత్రం మంచిదే. నా పాలు మాత్రం గ్లాసులో పిండి అద్దం అవతలికి పంపాల్సి వచ్చింది.

పాలకొల్లు అమ్మమ్మ
నేను 36కి చెయ్యమన్నానా? 37 అన్నాను. చదివి మాట్లాడు. పెద్దవాళ్లు బిడ్డ మంచికే చెబుతారు.

యానాం దారి
మా అత్తగారు కూడా మంచికే చెప్పారండి. ఆ ఆరు రోజులు నేను పడ్డది ఎవరూ పడకూడదనే నా బాధ.

కొబ్బరితోట
ఇద్దరూ శాంతించండి. ఆ అమ్మాయి అడిగింది ముహూర్తం గురించి కాదు.

నర్సమ్మ, కాకినాడ
22 ఏళ్లుగా లేబర్ రూములో ఉన్నాను. ఈ గొడవ నేను వారానికోసారి చూస్తాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. ఏ ఇబ్బందీ లేని తల్లికి ముందే రాసుకున్న ఆపరేషన్ 39 వారాలు నిండాకే. అంతకుముందు తీస్తే బిడ్డకు ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లకు 37కే తీయాల్సి రావచ్చు, కొందరికి ఇంకా ముందే. అది బీపీ, మూత్రంలో ప్రోటీన్, రక్త పరీక్షలు, బిడ్డ ఎదుగుదల చూసి డాక్టరు చెప్పాలి. డాక్టరు ఇచ్చిన రోజులోనే మంచి టైము చూసుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక ఎన్ఎస్టీ. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం పెరుగుతోందా లేదా అని 20 నిమిషాలు చూస్తాం, నిద్రలో ఉంటే 40 దాకా. అది ఆ పూట సంగతే చెబుతుంది, వచ్చే వారం సంగతి చెప్పదు. అందుకే మానొద్దనేది. రోజూ భోజనం చేశాక ఎడమవైపు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టు. రెండు గంటల్లో పది రాకపోతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకు. ఇంట్లో బీపీ మిషన్ ఉంచుకో, ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడు. 160/110 వచ్చినా, రక్తం కనిపించినా, పాత కుట్ల దగ్గర నొప్పి వచ్చినా వెంటనే 108.

అంబాజీపేట కోడలు
అవునమ్మా, నెలలు నిండకముందే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి ఇచ్చే ఇంజెక్షన్లు రెండా, నాలుగా? నాకు నాలుగు పొడిచారు, మా తోడికోడలికి రెండే. ప్రైవేటులో తక్కువ పొడుస్తారా?

నర్సమ్మ, కాకినాడ
డెక్సామెథాసోన్ అనే మందు అయితే 12 గంటలకొకటి నాలుగు, బీటామెథాసోన్ అయితే 24 గంటల తేడాతో రెండు. రెండూ సరైనవే. షుగర్ ఉన్నవాళ్లకు ఆ రెండు మూడు రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే చెప్పాలి.

మండపేట మౌనిక
షుగర్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, నాకు 33వ వారం, ఇన్సులిన్ మీద ఉన్నాను. మామిడిపండు ఒక్క ముక్క కూడా వద్దంటున్నారు మా వాళ్లు. నిజమేనా?

కొబ్బరితోట
అది వేరే అడగండమ్మా, ఇక్కడ కలిపితే అంతా గందరగోళం అవుతుంది. లంకపిల్ల గారూ, 102 బండి కాన్పయ్యాక ఇంటికి దింపేది. వెళ్లేటప్పుడు పిలవాల్సింది 108నే. మా వాళ్లు కంగారులో 102కి చేసి అరగంట పోగొట్టారు.

యానాం దారి
తల్లీబిడ్డ కార్డు, పాత ఆపరేషన్ కాగితాలు, స్కానింగులు అన్నీ ఒకే సంచిలో పెట్టుకో అక్కా. మీ గ్రూపు రక్తమున్న ఇద్దరి నంబర్లు మీ ఆయన ఫోన్లో ఉండాలి. ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో గర్భిణులను డాక్టరు చూస్తారు. అక్కడ హైరిస్క్ అని రాయించుకుంటే ఏఎన్ఎం గారే ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటారు, నాకు చేసేవారు.

పాలకొల్లు అమ్మమ్మ
పెద్దాడి సంగతి ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ల పిల్లాణ్ణి ఒక్కసారిగా వదిలి వెళితే బెంగ పెట్టుకుంటాడు. వాణ్ణి కూడా నీతోపాటే తీసుకెళ్లు తల్లీ. మీ అమ్మగారు వచ్చి ఉండగలరా?

లంకపిల్ల
అందరికీ థ్యాంక్సండీ. మా పిన్ని వాళ్లది అమలాపురంలోనే, ఆసుపత్రికి ఆటోలో పది నిమిషాలు. ఎల్లుండి ఎన్ఎస్టీ ఉంది, రేపు పొద్దున్నే బయలుదేరుతున్నాం. అమ్మ కూడా వస్తానంది. మా ఆయన బీపీ మిషన్ తెచ్చారు, ఇప్పుడు చూస్తే 142/92. పెద్దాడు తన బొమ్మల డబ్బా సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడు.