గోడ అల్మారాలో చెక్క అర సొంతంగా వేసుకోవచ్చా?

వరంగల్_ఇల్లు:
మా గోడ అల్మారాకి కడప బండ అరలు. రెండు బండల మధ్య రెండడుగుల ఎత్తు, కింది చీర లాగితే దొంతర మొత్తం కూలుతుంది. మధ్యలో చెక్క అర వేయాలని ఉంది, వెడల్పు మూడున్నర అడుగులు. ఒక్క అర కోసం కార్పెంటర్లెవరూ రావట్లేదు. ఎవరైనా సొంతంగా చేశారా?

చెక్కపని_ఇష్టం:
హాయిగా చేసుకోవచ్చండి, మూడు గోడలకీ చెక్క బద్దలు బిగించి పైన ప్లైవుడ్ పలక పెట్టడమే పని. 18 ఎం.ఎం. ప్లైవుడ్ తీసుకోండి. మూడడుగులు దాటిన పలక బట్టల బరువుకి మధ్యలో దిగిపోతుంది కాబట్టి వెనక బద్ద మానొద్దు, ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ నిలువుగా బిగించండి, అది అందానికి అనుకుంటారు గానీ పలక వంగకుండా ఆపేది అదే. గోడకి మేకులు కొడితే ప్లాస్టరు పెచ్చులు లేస్తుంది, డ్రిల్లుతో రంధ్రం వేసి, అందులో ప్లాస్టిక్ ప్లగ్గు దూర్చి, దాన్లో స్క్రూ బిగించండి. మూడు బద్దలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని రసమట్టం పెట్టి చూడాలి.

కొలత దగ్గర మాత్రం తొందర వద్దు. మన గోడలు మూలమట్టానికి సరిగ్గా ఉండవు, ముందు వెడల్పు, వెనక వెడల్పు వేర్వేరుగా కొలిచి, తక్కువ వచ్చినదానికన్నా 3 ఎం.ఎం. తగ్గించి షాపులోనే కోయించుకోండి.

కాకినాడ_అక్క:
అది బయటి గోడ అయితే వానాకాలం చెమ్మ చూసుకో తమ్ముడూ. పలక మీద ఐ.ఎస్. 710 (మెరైన్ ప్లైవుడ్‌కి ఉండే భారత ప్రమాణం) ముద్ర ఉన్నది తీసుకుంటే నీళ్లకి తట్టుకుంటుంది. పార్టికల్ బోర్డు చవకని తీసుకోకు, చెమ్మకి ఉబ్బిపోతుంది. కోసిన అంచులకీ, బద్దల వెనక వైపుకీ చెదల మందు పట్టించి, ఆరాక వార్నిష్ వెయ్యి. వాసన పూర్తిగా పోయేదాకా పట్టుచీరలు పెట్టకు.

అద్దెఇంటి_మనిషి:
మా ఓనర్ డ్రిల్లు ఒప్పుకోరు. అందుకే పలకకి రెండు పక్కలా నిలువు చెక్కలు, వెనక ఒక అడ్డపట్టీ బిగించి పొడుగు పీటలా చేసి బండ మీద పెట్టేశాను. ఇల్లు మారితే అదీ వెంట వస్తుంది.

వరంగల్_ఇల్లు:
థాంక్స్ అందరికీ. షర్టులకి హ్యాంగర్ రాడ్డు కూడా పెట్టొచ్చా? లోతు 16 అంగుళాలే.

చెక్కపని_ఇష్టం:
అడ్డంగా పెడితే తలుపు పడదు, హ్యాంగరే దాదాపు 17 అంగుళాలుంటుంది. పైగా రెండడుగుల ఎత్తులో షర్టు పూర్తిగా వేలాడదు. ఈ అరని మడత బట్టలకే ఉంచండి.